శనగలు కొరికే పంపు

మా నాయనకు వినికిడి తగ్గుతోందని మొదట కనిపెట్టింది అమ్మా కాదు, నేనూ కాదు. నంద్యాలలో మేం వెళ్ళే చర్చిలో హార్మోనియం వాయించే ఆయన. ఒక ఆదివారం పాట చివరి చరణం అయిపోయింది, హార్మోనియం ఆగింది, జనం కూర్చున్నారు, పాస్టరుగారు ప్రార్థనకు తల వంచారు. మా నాయన ఒక్కడే నిలబడి, కళ్ళు మూసుకుని, పల్లవి ఇంకోసారి ఎత్తుకున్నాడు. పోనీ సన్నగా ఎత్తుకున్నాడా అంటే అదీ లేదు. ఆయన గొంతు విప్పితే వెనక వీధిలో రైసుమిల్లు చప్పుడు కూడా వినపడదు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అమ్మకు చెయ్యి పట్టి లాగే వీలు కూడా లేకపోయింది. పల్లవి మొత్తం పాడి, ఆమెన్ చెప్పి, తృప్తిగా కూర్చున్నాడు. బయటికొచ్చాక తిరిగి జనాన్నే నిలదీశాడు.

"ఏందప్పా, అందరూ మధ్యలో నిలిపేస్తిరి? ఈ పొద్దు భక్తి ల్యా మీకు?"

హార్మోనియం ఆయన పక్కకు పిలిచి, "అన్నా, ఒకసారి చెవులు చూపించుకో" అని మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పాడు కాబట్టి మా నాయనకు వినపడలేదు. గట్టిగా చెప్పాక, నెల రోజులు ఆయనతో మాటలు మానేశాడు.

ఆయన ఏ దర్జీయో గుమాస్తానో అయ్యుంటే ఇది నవ్వుకుని మరిచిపోయే సంగతి. కానీ మా నాయన పంపుల మెకానిక్కు. డెబ్భైలలో మా వైపు కరెంటు మోటార్లు ఒక్కొక్కటిగా బావుల్లోకి దిగుతుంటే వాటితోపాటు ఆయన కూడా దిగాడు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా, ఇటు పాణ్యం దాకా, ఎక్కడ మోటారు మొరాయించినా మనిషి వచ్చేది మా ఇంటికే. పంపు విప్పకుండా, విని జబ్బు చెబుతాడని ఆయనకు పేరు. ఆయన దగ్గర మూరెడు టేకు కర్ర ఉండేది. ఒక కొస పంపుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కాసేపు మొహం గంభీరంగా పెట్టేవాడు. "బేరింగు అయిపాయ" అనేవాడు, "లోపల గులకరాయి పడిండాది" అనేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. గొట్టం అడుగునుండే ఫుట్‌వాల్వు కింద ఆకు చిక్కుకుంటే అది వేపాకా మామిడాకా అని కూడా చెప్పేవాడని జనం అనుకునేవారు. అది మాత్రం అబద్ధం. ఆయనే పుట్టించి ఉంటాడు.

అలాంటి మనిషికి చెవులు పోతే ఏం కావాలి? వినలేని మెకానిక్కును బావి దగ్గరికి ఎవరు పిలుస్తారు? ఆయనకు అది తెలుసు. ఒకరోజు అమ్మనూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఈ ముచ్చట గడప దాటిందంటే నాకు అన్నం పుట్టదు" అన్నాడు. బెదిరించినట్టు అనలేదు, బతిమాలినట్టు అన్నాడు. మా నాయన బతిమాలడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నాకు భయమేసింది.

కానీ ఆయన ఊరుకునే రకమా! కొన్నాళ్ళకే ఒక ఉపాయం పట్టేశాడు. రెండు చేతులూ స్పానర్ల మీద ఉన్నప్పుడు కర్రను పళ్ళతో పట్టుకున్నాడట. పంపు చప్పుడు చెవిలో కాకుండా ఏకంగా పుర్రెలో వినపడిందట. ఆ రోజు నుంచి కర్ర కొస చెవి దగ్గర్నుంచి నోట్లోకి మారింది. చూసినవాళ్ళు "ఇదేందన్నా?" అంటే, "కొత్త పద్ధతి, మీకు తెల్దు" అనేవాడు. జనం నమ్మారు. మా నాయన ఏం చెప్పినా నమ్మేట్టు చెప్పేవాడు. అమ్మ మాత్రం, పంపులన్నీ కొరుకుతూ తిరిగే మనిషికి ఇంట్లో జొన్నరొట్టె గట్టిగా ఉందని వంక పెట్టే హక్కు లేదని తేల్చి చెప్పింది.

ఎనభైల మొదట్లో నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. ఓడలకు సంబంధించిన ఆఫీసు, అంతవరకే చెబుతాను. సముద్రమంటే కె.సి. కాలువ కన్నా కొంచెం వెడల్పు అనుకునే ఊరి నుంచి వెళ్ళి, ఓడల దగ్గర చేరాను. నిజానికి ఓడ ఎక్కింది లేదు, దాన్ని దగ్గర్నుంచి చూసిందీ తక్కువే. నా పని కంప్యూటరుతో. ఓడ వెనక నీళ్ళలో తిరిగే ప్రొపెల్లరు ఎంత చప్పుడు చేస్తుందో, ఓడ కట్టకముందే లెక్కగట్టి చెప్పాలి. అట్టముక్కల్లాంటి కార్డులకు చిల్లులు పొడిచి, కట్టలు కట్టి యంత్రానికి తినిపిస్తే, అది గంటలకొద్దీ ఆలోచించి గజాలకొద్దీ కాగితం కక్కేది. ఒక్క కార్డు తారుమారైతే అంతా మళ్ళీ మొదటికి. ఒకసారి కట్ట చేజారి మెట్ల మీద పడితే, అక్కడే కూర్చుని ఏడుస్తూ వరసపెట్టుకున్నాను.

మొదటిసారి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు ఈ గొప్పంతా చెప్పుకున్నాను. నాకూ గొప్పలు తక్కువేం కాదు, ఎవరి కూతుర్ని! నాయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని అంతా విని, పకపకా నవ్వాడు.

"ఇంకా కట్టని ఓడ సప్పుడు నీకెట్ల ఇనపడతాండాది పాపా?"

"ఇనపడదు నాయనా, లెక్కేస్తాం."

"ఇనకుండా చెప్పేటోళ్ళను మా దిక్కు సోది చెప్పేటోళ్ళంటారు. అమ్మీ, నీ కూతురు సముద్రం పక్కన కూసోని సోది చెప్తాండాదంట చూడు!"

నాకు ఒళ్ళు మండింది. పలక తెచ్చి బొమ్మ గీసి పాఠం మొదలుపెట్టాను. ప్రొపెల్లరు రెక్క నీళ్ళను ఒక పక్కకు తోసుకుంటూ తిరుగుతుంది. మరీ వేగంగా తిరిగితే రెక్క రెండో పక్క నీళ్ళ ఒత్తిడి బాగా పడిపోతుంది. ఒత్తిడి పడిపోతే పొయ్యి లేకుండానే చల్లటి నీళ్ళు ఉడుకుతాయి, బుడగలు పుడతాయి. అవి అలా కొంచెం జరిగి టపటపా పగులుతాయి. ఆ పగిలే చప్పుడే మేం లెక్కగట్టేది. అది మైళ్ళ దూరం పోయి ఓడ ఎక్కడుందో అందరికీ చాటుతుంది. అంతటితో ఆగదు, పగిలే బుడగలు రెక్కను కూడా కొరికేస్తాయి.

నాయన నవ్వు ఆపేశాడు. పలక లాక్కుని చూశాడు.

"ఓసి నీ... ఇది మన పంపు శనగలు కొరికేది గదా!" అన్నాడు.

బావిలో నీళ్ళు మరీ కిందికి పోయినప్పుడు, పైన మెట్టు మీద కూర్చున్న పంపు వాటిని పీల్చలేక లోపల కటకటమంటుంది. నోటినిండా వేయించిన శనగలు పోసుకుని కొరికినట్టే ఉంటుంది. ఆయన దానికి ఆ పేరు పెట్టి పదేళ్ళయింది. నా పలక బొమ్మకు, ఆయన శనగలకు తేడా లేదని ఇద్దరికీ అర్థమయ్యాక, ఎవరు ముందు కనిపెట్టారన్న దాని మీద రెండు రోజులు పోట్లాడుకున్నాం. అమ్మ ఇద్దర్నీ తిట్టింది.

మరుసటి ఎండాకాలం ముందు అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆళ్ళగడ్డ పక్కన ఒంటిచేత్తో వ్యవసాయం చేసే ఒక పెద్దావిడ బావికి నాయన కిందటేడు మోటారు బిగించాడు. ఏడాది తిరక్కుండానే పంపు లోపలి చక్రం చెదలు తిన్న చెక్కలా గుంటలు పడిపోయింది. మోటార్లమ్మే షాపు మెకానిక్కు వచ్చి, "బిగించినోనిదే తప్పు, వంకరగా బిగించినాడు" అన్నాడు. మా నాయన ఊరుకుంటాడా? తప్పు బిగింపులో లేదు, పంపు నీళ్ళకు మరీ ఎత్తున ఉంది, ఎండాకాలం నీళ్ళు జారగానే శనగలు కొరుకుతోంది, బావి గోడలో ఇంకో మెట్టు కిందికి తొలిపించి పంపును దించాలి, అన్నాడు. రాతిగోడలో మెట్టు తొలిపించడమంటే మాటలా? ఆవిడ ఒక పందెంలాంటిది పెట్టింది. నాలుగు రోజులు మోటారు ఆపి, బావి ఊరి నిండాక వేస్తారు. బిగింపే వంకరైతే చప్పుడు మొదట్నుంచీ ఉంటుంది. నాయన మాట నిజమైతే నీళ్ళు ఒక లోతుకు జారాకే మొదలవుతుంది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఈయనగారు నలుగురి ముందూ, "ఎన్నో అడుగు కాడ మొదలైతాదో ముందే చెప్తా, అది మొదలైన నిమిషంలో చెయ్యెత్తుతా" అనేసి వచ్చాడు.

"అందరికీ వినపడేంత చప్పుడు కూడా ఆయనకు ఇప్పుడు వినపడటం లేదు" అని రాసింది అమ్మ. "పండ్లతో ఎంత పడతాడో దేవునికి తెలుసు. ఆ షాపతను వచ్చి నిలబడతాడు. చెవులు పోయినాయని ఆ రోజు బయటపడితే ఆయన బతకడు. నువ్వు చదువుకున్నదానివి, ఏదో ఒకటి చెయ్యి."

చదువుకున్నదాన్ని కదా, చేశాను. చక్రం కొలతలు పంపమని రాస్తే నాయన క్యాలెండరు కాగితం వెనక చక్రాన్ని పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపాడు. గుంటలు పడిన చోట్ల చుక్కలు కూడా పెట్టాడు. నిమిషానికి తిరిగే చుట్లు, గొట్టం లావు, పొడుగు, అన్నీ రాశాడు. ఓడల కోసం రాసిన ప్రోగ్రాంలో మా ఆళ్ళగడ్డ పంపును ఎక్కించడానికి కార్డులు పొడిచాను. ప్రొపెల్లరు నీళ్ళలో ఎంత లోతున ఉందో చెప్పే కార్డు ఒకటి ఉంటుంది. మన పంపు నీళ్ళలో ఉండదు, నీళ్ళకు పైన ఉంటుంది. సరే, లోతుకు ముందు మైనస్ గుర్తు పెట్టి వేశాను. యంత్రం ఒక్క ముక్క అచ్చువేసి ఆగిపోయింది: ఓడ నీళ్ళలో లేదు, సరిచూసుకోండి. ఆ మాట అందులో పెట్టింది నేనే, ఎవరైనా పొరపాటు చేస్తే వెక్కిరించడానికి.

ఆ కాగితం సరిగ్గా మా పై ఆఫీసరు చేతికే పోయింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఇరవై అడుగులు గాల్లో తేలే ఓడ ఏదమ్మా ఇది? ఏ రేవులో కడుతున్నారు?"

"ఆళ్ళగడ్డలో సార్."

"అక్కడ సముద్రం ఉందా?"

"బావి ఉంది సార్."

దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను, నాయన చెవుల సంగతి తప్ప. తిడతారనుకుంటే, ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పంపు చక్రం వేరు, ఓడ ప్రొపెల్లరు వేరు, కానీ లోపల నీళ్ళు పడే అవస్థ ఒక్కటే అన్నారు. ఉప్పునీళ్ళ కార్డు తీసి మంచినీళ్ళది పెట్టమన్నారు. గొట్టంలో నీళ్ళు పైకి రావడానికి పడే శ్రమ కూడా కలపమన్నారు. భోజనాల వేళ యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు రోజులు వేశాం. చివరికి జవాబొచ్చింది. పంపుకు పందొమ్మిది అడుగుల కిందికి నీళ్ళు జారినప్పుడు.

"ఒకటి గుర్తుపెట్టుకోమ్మా," అన్నారాయన, "మన లెక్క మొదటి బుడగ పగిలే చోటు చెబుతుంది. మనం దాన్ని నీళ్ళలో మైకు ముంచి వింటాం. గట్టు మీద నిలబడ్డ మనిషి..."

"అలాగే సార్" అన్నాను. నా కళ్ళు ఆయన చేతిలో ఉన్న సెలవు కాగితం మీద ఉన్నాయి. ఆయన మాట పూర్తిచేశారో లేదో కూడా నాకు గుర్తులేదు.

రైల్లో నల్లమల దాటి నంద్యాలలో దిగేసరికి మే నెల ఎండ మాడు పగలగొడుతోంది. బనగానపల్లె మామిడిపళ్ళు స్టేషను బయటే గుట్టలు పోసి ఉన్నాయి. ఇంటికెళ్ళగానే నాయన ముందు కాగితం పరిచాను. రెండు పక్కలా చిల్లులున్న ఆ వెడల్పాటి కాగితం మంచం మీదినుంచి వాకిలి దాకా పోయింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని పొడుగూతా పాక్కుంటూ చూశాడు.

"ఇన్ని అంకెల్లో మనది ఏది?"

చివర్న ఉన్న పందొమ్మిదిని చూపించాను. దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాడు.

"నాయనా, నీకు ఇనపడకపోయినా పర్వాల్యా. నీళ్ళు పందొమ్మిదో గీతకు దిగినప్పుడు చెయ్యెత్తు, సాలు" అన్నాను గట్టిగా, చెవి దగ్గర.

ఆయన నా మొహంలోకి చూశాడు. "అంటే నేను దొంగచెయ్యి ఎత్తల్లనా?" అన్నాడు.  అమ్మ లోపల్నుంచి, "దొంగచెయ్యో దొరచెయ్యో, ఎత్తు" అంది.  ఆయన సున్నా చుట్టిన చివరి ముక్క చించి, మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎత్తుతానన్నాడా, ఎత్తనన్నాడా, నాకు అర్థం కాలేదు. ఎత్తుతాడులే అనుకున్నాను.

పందెం రోజు పొద్దున్నే బస్సెక్కి శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డ చేరాం. బావి దగ్గర అప్పటికే ఇరవై మంది ఉన్నారు. మా వైపు మోటారు బాగుచేయడమంటేనే ఒక వేడుక, పైగా ఇప్పుడు పందెం. పెద్దావిడ గట్టు మీద వేపచెట్టు నీడలో మంచం వేయించుకుని కూర్చుంది. షాపు మెకానిక్కు తెల్ల ప్యాంటు వేసుకుని, బావిలోకి దిగకుండా పైనుంచే సలహాలిస్తున్నాడు.

"పాపను గూడా తోడు తెచ్చుకుంటివే అన్నా" అన్నాడు.

"కంప్యూటర్ల పని చేస్తాది" అన్నాడు నాయన, అడక్కుండానే. "ఓడలన్నీ దాని మాట మీదనే పోతాండాయి." అంత మాట నేనెప్పుడూ అనలేదు. తల దించుకున్నాను.

పంపు కూర్చున్న మెట్టు మట్టం నుంచి కిందికి, ఎదుటి గోడ మీద అడుగడుగుకీ నాయన, నీళ్ళు కిందున్నప్పుడే, సున్నంతో గీతలు గీసి పెట్టాడు. "పందొమ్మిదో గీత కాడ" అని అందరికీ వినపడేట్టు చెప్పి దిగాడు. మెట్టు చిన్నది. ఆయన ఒక్కడే పట్టేంత చోటు. పంపు ముందు వంగి, కర్ర కొస దానికి ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య బిగించాడు. నేను కాస్త పైన మెట్ల మీద నిలబడ్డాను. మోటారు వేశారు. నీళ్ళు గలగలా కాలువలో పడ్డాయి. పంపు నున్నగా తిరిగింది, ఏ చప్పుడూ లేదు. బిగింపు వంకర కాదని అప్పుడే సగం తేలిపోయింది. షాపతను గొంతు సవరించుకున్నాడు.

నీళ్ళు ఒక్కో గీతే దిగుతూ పోయాయి. పది. పన్నెండు. పదిహేను. ఎండ నడినెత్తికొస్తోంది. మనుషులు మాటలు మానేసి, గట్టు మీద బోర్లా పడుకుని చెవులు లోపలికి పెట్టారు. పదిహేడు. పద్ధెనిమిది.  పందొమ్మిదో గీత నీళ్ళ పైకి తేలింది.

నాయన చెయ్యెత్తాడు.

అందరం విన్నాం. మోటారు నున్నగా తిరుగుతోంది. నీళ్ళు గలగలమంటున్నాయి. కటకట లేదు, ఏమీ లేదు.

"ఏందన్నా, చెయ్యెత్తితివి?" అని అరిచాడు షాపతను.

నాయన నోట్లోంచి కర్ర తీసి, "కొరుకుతాండాది" అన్నాడు.

"యాడ కొరుకుతాండాది? ఎవురికన్నా ఇనపడతాండ్యా అప్పా?"

పైన నవ్వులు మొదలయ్యాయి. నాయన మళ్ళీ కర్ర పళ్ళ మధ్య పెట్టుకుని, చెయ్యి ఇంకా పైకెత్తాడు. మొండిగా, బడిలో పిల్లాడిలా. ఎత్తిన చెయ్యి దించడే!  నా లెక్క తప్పింది, ఈయన ఆ తప్పుడు లెక్క పట్టుకుని నలుగురిలో నవ్వులపాలవుతున్నాడు అనుకున్నాను. ఎలాగైనా ఆ చెయ్యి దింపించాలి, అంతే. రెండు మెట్లు దిగాను. మెల్లగా చెబితే ఆయనకు వినపడదు. గొంతంతా పెట్టి అరిచాను.

"నాయనా, దించు! ఏం సప్పుడు రాల్యా! నీకు చెవులు ఇనపడవు గదా, నేను సెప్పిన అంకె పట్టుకోని ఎందుకు ఎత్తుతావ్!"

బావిలో అరిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. గుండ్రటి రాతిగోడ నా మాటను పట్టుకుని మూడుసార్లు తిప్పి పైకి పంపింది. ఇనపడవు గదా. ఇనపడవు గదా. గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. ఇరవై మందీ మా నాయన వైపే చూస్తున్నారు. ఆ మాట ఆయనకు కూడా వినపడింది. తల తిప్పి నన్ను చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. కోపం లేదు ఆ మొహంలో.

తిరిగి కర్ర కొరుక్కుని పంపు వైపు వంగాడు. చెయ్యి మాత్రం దించలేదు.

ఇరవయ్యో గీత బయటపడింది.  ఇరవై ఒకటో గీత సగం తేలుతుండగా మొదట సన్నగా, తర్వాత స్పష్టంగా వినపడింది: కటకట, కటకట. నోటినిండా శనగలు. గట్టు మీద పడుకున్న ఒక ముసలాయన, "కొరుకుతాండాదిరా దీని పాసుగాల!" అని ఎగిరి లేచాడు. ఆ తర్వాత చెవిటివాళ్ళకు కూడా వినపడేంత గోల చేసింది పంపు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు మా ఆఫీసరు చెప్పిన మాట. మొదటి బుడగ నీళ్ళలో ముంచిన మైకుకు వినపడుతుంది, గట్టు మీద మనుషులకు కాదు. మాలో ఎవరికీ లేని మైకు మా నాయన నోట్లో ఉంది. ఇంకొకటి కూడా అప్పుడే చూశాను. ఆయన నిలబడ్డ చోటు నుంచి, మొహం గోడకు పెట్టి వంగినవాడికి, సున్నం గీతలు కనిపించవు. అవి ఆయన వీపు వెనకున్నాయి. పందొమ్మిది ఎప్పుడొచ్చిందో ఆయనకు తెలిసే దారే లేదు. దొంగచెయ్యి కాదు. ఆయన నిజంగానే విన్నాడు. కూతుర్ని, పైగా ఆ లెక్క వేసినదాన్ని, నేనే ఆయన్నీ, నా లెక్కనీ నమ్మలేదు.

పెద్దావిడ మంచం దిగి గట్టు అంచుకొచ్చింది.

"మోటారు నిలపండప్పా, ఉన్న చక్రం గూడా తింటాది. అన్నా, మెట్టు ఎంత కిందికి తొలిపీయల్లో గీత గీసి పో. రేపే మనుషుల్ని పెడతా" అంది. "చెవులదేముంది, ఇంగ ఇట్ల పంపు కొరికేటోడు నాకు యాడ దొరుకుతాడు" అంది. అందరూ నవ్వారు. మంచి నవ్వే. నాయన కూడా నవ్వాడు. షాపతను తెల్ల ప్యాంటు దులుపుకుని సైకిలెక్కాడు. మేం ఆళ్ళగడ్డ బస్టాండుకు చేరేలోపే చెవుల సంగతి కూడా ఊళ్ళోకి చేరి ఉంటుందని నాకు తెలుసు.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు శిరివెళ్ళ దాటింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "తప్పయింది నాయనా" అన్నాను. బస్సు రొదలో వినపడలేదో ఏమో, నా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"నీ లెక్క పందొమ్మిది అనె, నా పండ్లు పందొమ్మిది అనె," అన్నాడు. "ఇద్దరు సాక్షులుంటే గూడా నమ్మకపోతివే మ్మే."

"తప్పయింది" అన్నాను మళ్ళీ.

"పోనీలే. దాసి దాసి నాకూ యాష్టకొచ్చె."

జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, ఎర్ర సున్నాను వేలితో రుద్దాడు. ఉన్నట్టుండి ఆయన మొహంలోకి పాత కొంటెతనం వచ్చింది.

"పాపా, ఆ మిషన్లో ఇంకొక లెక్క ఎయ్యాల. ఇంకా రాని సప్పుడు ఎప్పుడొచ్చాదో చెప్తాది గదా. నీ మాట నాకు ఎప్పుడు ఇనపడకుండా పోతాదో అది గూడా చెప్తాదా?"

వేళాకోళంగానే అడిగాడు. నవ్వుతూనే ఉన్నాడు. కానీ కాగితం పట్టుకున్న వేళ్ళు కదలడం మానేశాయి, కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి. దేవుడా, ఈయన నిజంగానే అడుగుతున్నాడు అనుకున్నాను.

"దానికి అంత తెలివి లేదు నాయనా" అన్నాను.

 ఆయన తల తిప్పి, ఇంకా కాస్త వినపడే చెవిని నా వైపు పెట్టాడు.

"అయితే ఇనపడినన్ని దినాలు మాట్లాడు. ఊరికే కూసోవద్దు."

నంద్యాలలో బస్సు దిగేదాకా నేను నోరు మూయలేదు.